మామత్, స్లాత్, కత్తికోరల పిల్లి నిజంగా ఒకే చోట తిరిగాయా? ఏడేళ్ల పాపకు ఏమని చెప్పాలి?

అమ్మా, మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, తప్పుగా అర్థం చేసుకుంటే సరిదిద్దండి. సెలవుల్లో మీ ఏడేళ్ల పాప ‘ఐస్ ఏజ్’ అనే యానిమేషన్ సినిమా మొదటి భాగం చూసింది. ఆ మామత్ (ఒళ్లంతా ఉన్ని ఉన్న ఆనాటి ఏనుగు), ఆ స్లాత్ (మెల్లగా కదిలే బద్ధకపు జంతువు), ఆ కోరల పులి నిజంగా కలిసి ఉండేవా అని అప్పటి నుంచి మీ ప్రాణం తీస్తోంది. వాళ్ల మామయ్య మాత్రం ‘సైన్సు ప్రకారం అన్నీ తప్పులే’ అని ఒక్క ముక్కలో కొట్టిపారేశారు. గుహ సన్నివేశం దగ్గర పాప వెక్కి వెక్కి ఏడ్చిందట, అందుకని నాలుగేళ్ల తమ్ముడికి చూపించాలా వద్దా అని మీకు సందేహం.

నేను ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఈ సినిమాను మా అమ్మాయితో, తర్వాత మా మనవరాలితో, మధ్యలో ఎందరో బడిపిల్లలతో చూశాను. మామయ్యగారి మాటలో సగం నిజముంది. అయితే ఆ తప్పులు ఆయన అనుకుంటున్న చోట లేవు. చూడగానే ‘ఇది ఎలా కుదురుతుంది’ అనిపించే విషయమే, అంటే ఆ ముగ్గురూ ఒకే కాలంలో ఉండటం, నిజానికి చాలా దగ్గరగా ఉంది. మనం పట్టించుకోకుండా దాటేసే చిన్న చిన్న వేషాల్లోనే లక్షల, కోట్ల ఏళ్ల తేడాలున్నాయి.

ముందు నా సొంత తప్పు ఒకటి ఒప్పుకుంటాను. 2003లో మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. అద్దెకు తెచ్చిన సీడీ పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. నేను పావుగంటకోసారి ఆపి పాఠం మొదలుపెట్టాను. మంచు గుహలో గడ్డకట్టిన డైనోసార్ కనిపించేసరికి మూడోసారి ఆపాను. ‘నాన్నా, మీరు పక్క గదిలో కూర్చుని తప్పులన్నీ రాసుకోండి, సినిమా అయిపోయాక వింటాను’ అంది. నిజంగానే వెళ్లి పాత క్యాలెండరు కాగితం వెనుక పద్నాలుగు తప్పులు రాశాను. సినిమా అయ్యాక కాగితం పట్టుకుని వచ్చి కూర్చుంటే మా అమ్మాయి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది: ‘వీళ్లతో స్నేహం చేశాక డియేగో ఇక ఏం తింటాడు?’ డియేగో అంటే ఆ కోరల పిల్లి. నా పద్నాలుగింటిలో ఆ ప్రశ్న లేదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

సినిమా చూడనివారు కూడా ఇది చదువుతారు కాబట్టి కథ రెండు ముక్కల్లో. ఇరవై వేల ఏళ్ల కిందట, మంచు ముంచుకొస్తోందని జంతువులన్నీ దక్షిణానికి పోతుంటే మ్యానీ అనే మామత్ ఒక్కడే ఉత్తరానికి నడుస్తుంటాడు. సొంతవాళ్లు వదిలేసి పోయిన సిడ్ అనే స్లాత్ అతన్ని పట్టుకుని వేలాడతాడు. తల్లి నీళ్లపాలై, ఒక మనిషి పసివాడు వీళ్ల చేతికి వస్తాడు. బిడ్డను తండ్రి దగ్గరికి చేర్చాలని బయలుదేరితే, దారి చూపిస్తానంటూ డియేగో అనే కోరల పిల్లి కలుస్తాడు. అతను నిజానికి తన గుంపు పన్నిన ఉచ్చులోకి వీళ్లను నడిపించడానికి వచ్చినవాడు. క్రిస్ వెడ్జ్ దర్శకుడు, కార్లోస్ సల్డాన్యా సహదర్శకుడు. బ్లూ స్కై అనే చిన్న అమెరికన్ స్టూడియో తీసిన మొదటి పూర్తి నిడివి చిత్రమిది. 2002 మార్చిలో వచ్చింది.

ఇక మ్యానీ. అతను ఉన్ని మామత్. భుజం దగ్గర మూడు మీటర్లకు పైగా ఎత్తు, ఒంటినిండా రెండు వరుసల వెంట్రుకలు. లోపలిది దట్టమైన ఉన్ని, పైది కొన్నిచోట్ల మీటరు దాకా వేలాడే పొడవాటి జుట్టు. మెడ వెనుక కొవ్వు మూపురం, వెనక్కి జారే వీపు, వంపు తిరిగిన దంతాలు. ఇవన్నీ సినిమా వాళ్లు శ్రద్ధగానే పట్టుకున్నారు. చెవులు చూడమనండి పాపను. మన ఏనుగు చెవి చేటంత ఉంటుంది, ఒంట్లో వేడిని బయటికి పంపడానికి. మామత్‌కు వేడి పోతే ప్రమాదం కాబట్టి చెవి చిన్నది, తోక కూడా పొట్టిది. ఇంకో మాట పాపకు నచ్చుతుంది. ఆఫ్రికా ఏనుగు కంటే మన ఏనుగే మామత్‌కు దగ్గర చుట్టం. జన్యువులు పరీక్షించి తేల్చిన సంగతి ఇది. గుడి ముందు మన తలమీద తొండం పెట్టి దీవించే ఏనుగుకు మ్యానీ దాయాది అని ధైర్యంగా చెప్పవచ్చు.

మామత్ గురించి మనకు ఇంత వివరంగా తెలియడానికి కారణం ఎముకలు మాత్రమే కాదు. సైబీరియా నేల ఏళ్ల తరబడి గడ్డకట్టే ఉంటుంది కాబట్టి కొన్ని మామత్‌లు చర్మంతో సహా మిగిలాయి. 2007లో యమాల్ ద్వీపకల్పంలో రెయిన్‌డీర్లు మేపుకునే నేనెత్స్ అనే తెగకు చెందిన ఒక కాపరికి నెల వయసు మామత్ పిల్ల దొరికింది. దాదాపు 42,000 ఏళ్ల నాటిది. ల్యూబా అని పేరు పెట్టారు. కనురెప్పల వెంట్రుకలు కూడా ఉన్నాయి. కడుపులో తల్లిపాల ఆనవాళ్లు ఉన్నాయి. పెద్ద మామత్ పేడ కూడా ఉంది. ఏనుగు పిల్లలు ఇప్పటికీ అంతే చేస్తాయి, గడ్డి అరిగించుకోవడానికి కావలసిన సూక్ష్మజీవులు పెద్దల పేడ నుంచే రావాలి. తొండంలో బురద కూరుకుపోయింది, ఊపిరాడక పోయింది పాపం. ల్యూబా ఫొటోలు వెతికి చూపించండి. ఈ చివరి ముక్క చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం.

మ్యానీ ఒంటరితనం గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. సినిమాలో అది విషాదం. పెద్ద మగ ఏనుగుకు మాత్రం అది సహజం. పలమనేరు, కుప్పం వైపు వార్తల్లో ‘ఒంటరి ఏనుగు’ అన్న మాట చూసే ఉంటారు. మగ పిల్ల ఎదిగాక మందను వదిలి పోతుంది. ఆ తర్వాత ఒంటరిగానో, ఇద్దరు ముగ్గురు మగ ఏనుగులతోనో తిరుగుతుంది. మామత్‌లూ అలాగే బతికి ఉంటాయని ఎముకలు, అడుగుజాడలు సూచిస్తున్నాయి. అంటే భార్య, బిడ్డ, తండ్రి అనే మ్యానీ కుటుంబం నిజానికి మనుషుల కుటుంబం. ఏనుగుల ఇంట్లో పెత్తనం అమ్మమ్మది. సినిమాలో నాకు దొరికిన అసలు తప్పు ఇదే, దీన్ని ఎవరూ తప్పుగా లెక్కపెట్టరు. పైగా ఈ తప్పు లేకపోతే కథే లేదు.

సిడ్ విషయంలో కొలత తప్పింది. ఇప్పటి స్లాత్‌లు అమెరికా ఖండపు అడవుల్లో కొమ్మకు తలకిందులుగా వేలాడే బద్ధకపు జీవులు. ఆనాటివి నేల మీద నడిచేవి. ఉత్తర అమెరికాలో తిరిగిన మెగాలోనిక్స్ అనే రకం మూడు మీటర్ల పొడవు, దాదాపు టన్ను బరువు. దక్షిణ అమెరికా మెగాథీరియం అయితే ఏనుగంత. సిడ్ నిజమైన కొలతలతో ఉంటే మ్యానీకి అతన్ని చూసి విసుగు కాదు, కాస్త భయం పుట్టేది. మెగాలోనిక్స్ పేరు వెనుక ఒక సరదా సంగతి ఉంది. తర్వాత అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ 1797లో ఒక గుహలో దొరికిన పెద్ద గోళ్లను చూసి, ఇది సింహం కంటే పెద్ద క్రూరమృగం అయి ఉంటుందనుకుని ‘పెద్ద గోరు’ అని అర్థం వచ్చేలా ఆ పేరు పెట్టాడు. తీరా అది ఆకులు తినే స్లాత్. సిడ్ లాంటివాడిని సింహమనుకున్నారంటే మా శాస్త్రం మీద నవ్వుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు. సిడ్ ముద్ద మాట మాత్రం ఊరికే పెట్టింది కాదు. స్లాత్‌లు బుగ్గల్లో తిండి దాచుకుంటాయని విని, నోట్లో తిండి కుక్కుకుని మాట్లాడి చూస్తే ఆ గొంతు దొరికిందని సిడ్‌కు గొంతు ఇచ్చిన నటుడు జాన్ లెగ్విజామో చెప్పుకున్నాడు.

డియేగో పులి కాదు. ఇది పాపకు గట్టిగా చెప్పండి. అతని జాతి పేరు స్మైలోడాన్. అది పిల్లి కుటుంబానిదే, కానీ పులులు, సింహాలు వచ్చిన కొమ్మ వేరు, ఇది వేరు. ఆ కొమ్మ మొత్తం అంతరించింది. తోక కురచ. ముందు కాళ్లు, భుజాలు మల్లయోధుడివి. ఎరను తరిమి పట్టడం కంటే మాటు వేసి మీదపడి, బలంగా నేలకు అదిమి, అప్పుడు కోరలు దించేదని ఎముకల అమరిక చెబుతోంది. ఆ కోరలు పొడవే కానీ పక్కకు ఒత్తిడి పడితే విరిగే రకం. అందుకే ముందు కదలకుండా పట్టుకోవాలి.

అసలు ప్రశ్నకు సమాధానం లాస్ ఏంజెలస్ నగరం మధ్యలో ఉంది. లా బ్రియా తారు గుంటలు. భూమిలోంచి జిగట తారు ఊరుతుంది, పైన ఆకులూ దుమ్మూ పడి మామూలు నేలలా కనిపిస్తుంది. ఏ గుర్రమో అడవిదున్నో కాలు పెట్టి ఇరుక్కుంటుంది, అరుస్తుంది. ఆ అరుపు విని సులువుగా దొరికే తిండి కోసం కోరల పిల్లులు, తోడేళ్లు వస్తాయి, అవీ ఇరుక్కుంటాయి. వేల ఏళ్లు ఇదే తంతు. అందుకే అక్కడ మేసే జంతువుల కంటే వేటాడేవాటి ఎముకలే ఎన్నో రెట్లు ఎక్కువ. స్మైలోడాన్‌లే రెండు వేలకు పైగా. అదే తారులో నేల స్లాత్‌లు ఉన్నాయి, మామత్‌లూ ఉన్నాయి. అక్కడి మామత్ ఉన్ని మామత్ కాదు, ఇంకా పెద్దదైన కొలంబియన్ మామత్. అది ఒక్కటే తేడా. ఉన్ని మామత్ చలి ఎక్కువగా ఉండే ఉత్తరాన తిరిగేది. అయినా ఉత్తర అమెరికా నడుమ దాకా దిగివచ్చింది. సౌత్ డకోటాలోని హాట్ స్ప్రింగ్స్ అనే ఊళ్లో రెండు రకాల మామత్‌లూ ఒకే గుంటలో దొరికాయి. కాబట్టి ‘ముగ్గురూ ఒకే కాలంలో, ఒకే ఖండంలో ఉన్నారా’ అంటే ఉన్నారు. ‘కలిసి నడిచారా’ అంటే అది సినిమా.

కలిసి నడవకపోయినా ఒకరి అడుగులో ఒకరు అడుగు వేశారు. ఇది చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రంలో వైట్ శాండ్స్ అనే చోట ఒకప్పటి సరస్సు ఎండిపోయిన తెల్లటి మైదానం ఉంది. ఆనాడు తడి బురద మీద పడ్డ జాడలు అక్కడ అలాగే నిలిచిపోయాయి. 2020లో పరిశోధకులు ఒక జాడను వివరించారు. పది వేల ఏళ్లకు పైబడినది. ఒక స్త్రీయో, లేక ఎదిగీ ఎదగని కుర్రవాడో, చంకలో పసిబిడ్డతో గబగబా ఒకే దిక్కుగా కిలోమీటరున్నర దాకా నడిచారు. బరువు ఒక పక్కన ఉండటం వల్ల అడుగు పక్కకు జారింది. అక్కడక్కడా పెద్ద అడుగుల పక్కన చిట్టి పాదాల గుర్తులు: చెయ్యి నొప్పెట్టి బిడ్డను కాసేపు కిందికి దించారన్నమాట. తర్వాత అదే మనిషి అదే దారిన వెనక్కి వచ్చారు. ఈసారి చిట్టి పాదాలు లేవు. బిడ్డను ఎక్కడో ఎవరికో అప్పగించి వచ్చారు. ఈ పోవడానికీ రావడానికీ మధ్య ఆ జాడను రెండు జంతువులు దాటాయి. మామత్ నేరుగా తన దారిన తాను పోయింది. నేల స్లాత్ మాత్రం అక్కడికి రాగానే ఆగి, వెనక కాళ్ల మీద లేచి చుట్టూ తిరిగినట్టు గుర్తులున్నాయి. మనిషి వాసన తగిలి ఉంటుంది.

మనిషి, చంకలో బిడ్డ, మామత్, స్లాత్. సినిమా వచ్చిన పద్దెనిమిదేళ్లకు నేల ఈ కాగితం విప్పింది. పాపకు ముందు ఇది చెప్పండి, మిగిలినవన్నీ తర్వాత.

తప్పుల సంగతికి వద్దాం. అంకెలు చెబితే పిల్లలకు తలకెక్కవు. వెయ్యి ఏళ్లంటే ఎంతో దానికి తెలియదు, కోటి ఏళ్లంటే అసలు తెలియదు. నేను క్లాసులో వాడిన చిట్కా చెబుతాను. మీ ఇంటి గుమ్మం ఈ రోజు అనుకోండి. ఒక్కో సెంటీమీటరు వెయ్యి ఏళ్లు. గుమ్మం నుంచి పాపను కొలవమనండి. రెండు వేళ్ల వెడల్పు దగ్గర, అంటే నాలుగు సెంటీమీటర్ల దగ్గర చిట్టచివరి మామత్‌లు ఉన్నాయి. రష్యాకు ఉత్తరాన రాంగెల్ దీవిలో అవి దాదాపు నాలుగు వేల ఏళ్ల కిందటి దాకా బతికాయి. ఈజిప్టు పిరమిడ్లు దానికి ఇంకాస్త అవతల, నాలుగున్నర దగ్గర. అంటే పిరమిడ్లు కట్టేశాక కూడా మామత్ ఉంది. సినిమా కథ జరిగేది ఇరవై సెంటీమీటర్ల దగ్గర, పెద్దవాళ్ల చేత్తో కాస్త తక్కువ జాన.

ఇప్పుడు చెప్పులు వేసుకుని వీధిలోకి రమ్మనండి. సినిమా మొదట్లో సిడ్‌ను తరిమే రెండు ఖడ్గమృగాల్లాంటి జంతువులున్నాయి చూడండి, అవి బ్రోంటోథీర్ అనే కుటుంబానివి. సుమారు 3 కోట్ల 40 లక్షల ఏళ్ల కిందటే అంతరించాయి. గుమ్మం నుంచి 340 మీటర్లు, మీ వీధి చివర కిరాణా కొట్టు దాటి. చివరి డైనోసార్లు 660 మీటర్ల దూరంలో. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటసారస్ అస్థిపంజరం ఉంది కదా, మన ఆదిలాబాద్ వైపు యామన్‌పల్లిలో దొరికినది, అది దాదాపు కిలోమీటరు ఎనిమిది వందల మీటర్ల దూరంలో. ఆటో మాట్లాడుకోవాలి. జాన దూరంలో ఉన్న మ్యానీకి, ఆటో ఎక్కితే గాని దొరకని డైనోసార్‌కు పరిచయం ఎలా కుదురుతుంది? మూడో భాగంలో డైనోసార్లు వస్తాయి, పాప అడగక మానదు, ఈ వీధి లెక్క అప్పుడు పనికొస్తుంది.

సినిమాలో కనిపించే డోడో పక్షులది ఇంకో దిక్కున పోయే తప్పు. అవి మారిషస్ దీవిలో తప్ప ఎక్కడా లేవు, పదిహేడో శతాబ్దంలో అంతరించాయి. కొలబద్ద మీద నాలుగు మిల్లీమీటర్లు కూడా లేదు. మంచుయుగానికి పనికొస్తాయని అవి దాచుకున్న పుచ్చకాయలు ఆఫ్రికావి. స్టోన్‌హెంజ్ రాళ్లు కూడా ఒకచోట కనిపిస్తాయి, అవి ఇంగ్లండులో, దాదాపు నాలుగున్నర వేల ఏళ్ల నాటివి. క్యాలెండరు కాగితం మీద ఇవన్నీ రాసి నేను చాలా పొంగిపోయాను. తర్వాత రెండోసారి చూసినప్పుడు ఆ మంచు గుహలో డైనోసార్ తర్వాత గడ్డకట్టిన ఎగిరే పళ్లెం కూడా ఉందని గమనించాను. గ్రహాంతరవాసుల వాహనం! అంటే తీసినవాళ్లకు అన్నీ తెలుసు, మాలాంటి మాస్టర్లను ఆట పట్టిస్తున్నారు. మామయ్యగారికి ఈ పళ్లెం చూపించండి.

‘మంచుయుగంలో మన ఊరు కూడా మంచులో ఉందా’ అని కూడా అడుగుతుంది. లేదు. కెనడా మీద మూడు కిలోమీటర్ల దాకా మందం ఉన్న మంచు పలక ఉండేది. అంత నీరు మంచుగా నేల మీదే ఉండిపోవడంతో సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా కిందికి దిగింది. మన దక్కనులో మంచు లేదు, వానలు తగ్గి పొడిగా ఉండేది. మనకూ ఆనాటి జంతువులున్నాయి. నంద్యాల జిల్లా (ఒకప్పటి కర్నూలు జిల్లా) బేతంచెర్ల దగ్గర బిళ్లసర్గం గుహల్లో 1880లలో బ్రిటిష్ భూగర్భశాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు తవ్వితే ఖడ్గమృగం లాంటి జంతువుల ఎముకలు బయటపడ్డాయి. ప్రకాశం జిల్లాలో దాదాపు 41,000 ఏళ్ల నాటి నిప్పుకోడి గూడు దొరికిందని 2024లో వార్త వచ్చింది. మన దగ్గర నిప్పుకోళ్లు! ఎప్పుడైనా ఆ వైపు వెళితే గుహలు చూపించండి, కానీ పిల్లలను లోపలికి దూరనివ్వకండి. గబ్బిలాలు, చీకటి, జారే రాళ్లు.

అవన్నీ ఏమైపోయాయి అని అడిగితే అబద్ధం చెప్పకండి. వాతావరణం వేడెక్కి గడ్డి మైదానాలు కుంచించుకుపోయాయి, మనుషులు వేటాడారు. ఏది ఎంత అన్న దాని మీద మావాళ్లు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. రెండూ ఉన్నాయని చెబితే చాలు.

పాప ఏడ్చిన గుహ సన్నివేశం ఇక్కడికే వస్తుంది. గోడ మీద బొమ్మల్లో ఒక మామత్ కుటుంబం. బొమ్మలు కదులుతాయి, ఈటెలు పట్టుకున్న మనుషులు చుట్టుముడతారు. మ్యానీ భార్యాబిడ్డలను పోగొట్టుకున్నది ఎలాగో మనకు అప్పుడు తెలుస్తుంది. సినిమా మొత్తం వాగుతూనే ఉండే సిడ్ కూడా అక్కడ నోరు మూసుకుంటాడు. ఒక్క మాట లేదు. తన పిల్లను చంపిన జాతి బిడ్డ ఇప్పుడు తన పక్కనే ఉంది. ఏడేళ్ల పిల్ల దీన్ని ఎవరూ చెప్పకుండా తనంతట తాను అర్థం చేసుకుని ఏడ్చింది. ఆ వయసుకు అది పెద్ద పని. ఓదార్చండి, కానీ ‘ఊరుకో, బొమ్మలే కదా’ అని మాత్రం అనకండి. ఫ్రాన్సులో రూఫిన్యాక్ అనే గుహ ఉంది, దాని గోడల మీద నూట యాభైకి పైగా మామత్ బొమ్మలున్నాయి. మామత్‌ను కళ్లారా చూసినవాళ్లు గీసినవి. కొన్ని గీతలే, కానీ ఆ వంపు చూస్తే ఇప్పటికీ మామత్ అని తెలిసిపోతుంది. అవి చూపించి, పాప చేతికి కాగితం, బొగ్గు ఇవ్వండి.

జంతువులు మాట్లాడతాయి, మనుషులు మాట్లాడరు అన్నది ఈ సినిమాలో నాకు నచ్చిన ఎత్తు. ఇరవై వేల ఏళ్ల కిందటి మనిషి మనలాగే మాట్లాడేవాడు, అది వేరే సంగతి. కథ మామత్ వైపు నుంచి చెబుతున్నారు కాబట్టి మన మాటలు దానికి ఉత్త శబ్దాలు.

స్నేహం గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను, ఎందుకంటే ఈ కథ మన పిల్లలకు కొత్త కాదు. చిన్నయ సూరి మిత్రలాభంలో కాకి వచ్చి స్నేహం చేద్దామంటే ఎలుక కలుగులోంచి బయటికి రాదు. నువ్వు తినేవాడివి, నేను తిండిని, మనకు స్నేహమేమిటి అంటుంది. మ్యానీ డియేగోను చూసే చూపు అదే. ఇక ఆవు-పులి కథ. అనంతామాత్యుడు భోజరాజీయంలో చెప్పినది, మన బామ్మలందరికీ వచ్చినది. బిడ్డకు పాలిచ్చి వస్తానని వెళ్లిన ఆవు నిజంగా తిరిగి వచ్చేసరికి పులి మనసు కరుగుతుంది. డియేగో మనసు కరిగేది లావా మీద మంచు వంతెన విరిగినప్పుడు, తాను చంపించడానికి తీసుకుపోతున్న మామత్ తననే పైకి లాగినప్పుడు. ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చెప్పి చూడండి, పోలిక పాపే చెబుతుంది.

ఒక తేడా మాత్రం నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది. మిత్రలాభంలో ప్రతి స్నేహితుడికీ ఒక పని ఉంది. ఎలుక వల కొరుకుతుంది, కాకి ఎగిరి చూసి వస్తుంది. సిడ్‌కు ఏ పనీ రాదు. వేటాడలేడు, దారి తెలియదు, నిప్పు రాజేయడం ఒక్కటి తెలుసు, అదీ అంతంత మాత్రమే. కానీ బిడ్డను చేర్చాల్సిందేనని పట్టుబట్టిందీ, మిగతా ఇద్దరినీ ‘మన మంద’ అనేలా చేసిందీ అతనే. ప్రతి ఇంట్లోనూ ఇలాంటి బాబాయి ఒకరుంటారు.

డియేగో తిండి సంగతికి వచ్చాను. మా అమ్మాయికి ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను, సినిమా కూడా చెప్పదు. లా బ్రియా స్మైలోడాన్ పళ్లను పరీక్షించినవాళ్లు అవి ఎక్కువగా చెట్ల మాటున తిరిగే జింకల వంటివాటిని తినేవని తేల్చారు. పెద్ద మామత్ జోలికి ఒంటరి పిల్లి పోదు, కానీ పిల్ల మామత్ జోలికి వేరే కోరల పిల్లులు పోయాయి. టెక్సస్‌లోని ఒక గుహలో హోమోథీరియం అనే కోరల పిల్లి ఎముకలతో పాటు వందల కొద్దీ పిల్ల మామత్‌ల పళ్లు దొరికాయి. పాప అడిగితే నేను ఇప్పుడు చెప్పే జవాబు: డియేగో జింకలను తింటాడు, స్నేహితుల కళ్లముందు తినడు. మా మనవరాలు దీనికి ఒప్పుకుంది. ‘మనం కూడా కోడిని దాని ముందు తినం కదా తాతయ్యా’ అంది.

తమ్ముడి విషయం. సినిమా 81 నిమిషాలు. ఏడేళ్లకు నిక్షేపంగా సరిపోతుంది. నాలుగేళ్లవాడిని మీ ఒళ్లో కూర్చోబెట్టుకునేటట్లయితే చూపించండి, ఒంటరిగా టీవీ ముందు వదలకండి. తల్లి బిడ్డను అప్పగించి నీళ్లలో కనిపించకుండా పోయే చోట, చివర కోరల గుంపుతో పోట్లాట చోట పక్కన మీరుండాలి. గుహ సన్నివేశానికి వాడు భయపడడు, వాడికి అది బొమ్మల గోడ, అంతే. తర్వాతి భాగాలు నాలుగు వచ్చాయి. రెండోది బాగుంది, మూడోది సరదా, మిగతా రెండూ నేను మనవరాలి కోసం భరించాను.

ఓక్ కాయ వెంట పరిగెత్తే స్క్రాట్ అనే ఆ ఉడుత గురించి మీరు అడగలేదు కానీ పాప తప్పకుండా అడుగుతుంది. అలాంటి జంతువు లేదు, ఊహించి గీసిందే. దానికి గొంతు దర్శకుడు వెడ్జ్‌ది. అయితే 2011లో అర్జెంటీనాలో పొడవాటి కోరలు, సన్నటి మూతి ఉన్న చిన్న క్షీరదం పుర్రెలు దొరికాయని ప్రకటించారు, క్రోనోపియో అని పేరు. పత్రికలన్నీ ‘స్క్రాట్ దొరికింది’ అని రాశాయి. అది డైనోసార్ల కాలంది, మన వీధి లెక్కలో 900 మీటర్లకు పైనే.

‘స్క్రాట్‌కు ఆ ఓక్ కాయ ఎప్పటికైనా దొరుకుతుందా?’ అన్నది ప్రతి పిల్లా అడిగే చివరి ప్రశ్న. అయిదు సినిమాల్లోనూ దొరకదు. ఈ సినిమాలు తీసిన బ్లూ స్కై స్టూడియోను కొత్త యజమానులు 2021 ఏప్రిల్లో మూసేశారు. ఏడాది తర్వాత, అక్కడ పనిచేసినవాళ్లు మూతపడే ముందు చివరిసారిగా చేసుకున్న ఒక చిట్టి వీడియో నెట్‌లో పెట్టారు. ఒక నిమిషం కూడా లేదు. స్క్రాట్ కాయ ముందు కూర్చుంటాడు, అటూ ఇటూ చూస్తాడు, ఏమీ విరగదు, ఏమీ కూలదు. తీరిగ్గా తినేసి, పక్కకు వెళ్లిపోతాడు. వెతికితే దొరుకుతుంది. మిగతా భాగాలు చూడకముందే మాత్రం పాపకు చూపించకండి.